భుజానికి అంటించిన సెన్సార్ చూపేది రక్తంలోని చక్కెరేనా?
నిరంతర గ్లూకోజ్ పర్యవేక్షణ పనిచేసే తీరు, దాని అంకెను నమ్మాల్సిన వేళ, అనుమానించాల్సిన వేళ

మధుమేహం ఉన్న కొందరి భుజం వెనుక ఇప్పుడు ఒక చిన్న తెల్లని బిళ్ల కనిపిస్తోంది. పాత రూపాయి నాణెం కంటే కాస్త పెద్దది. పది పదిహేను రోజులు అలాగే అంటుకుని ఉంటుంది. స్నానం చేసినా, నిద్రపోయినా తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఫోన్ తెర మీద ఒక అంకె, దాని పక్కన ఒక బాణం గుర్తు చూపిస్తుంది. దీన్నే నిరంతర గ్లూకోజ్ పర్యవేక్షణ పరికరం అంటారు. వైద్యుల వాడుకలో దీని పొట్టి పేరు సీజీఎం.

ఆ అంకెను చూసి చాలామంది అది రక్తంలోని చక్కెర అనుకుంటారు. నిజానికి ఆ పరికరం రక్తాన్ని తాకదు. చర్మం కింద, కణాల మధ్య ఖాళీల్లో ఉండే ద్రవంలోని గ్లూకోజ్‌ను అది కొలుస్తుంది. కొలిచేది కూడా నేరుగా కాదు. ఒక ఎంజైమ్ చర్య వల్ల పుట్టిన అతి స్వల్ప విద్యుత్ ప్రవాహాన్ని గుర్తించి, దాన్ని గ్లూకోజ్ అంకెగా మారుస్తుంది. ఈ తేడా పరిశోధకులకు మాత్రమే పట్టే చిన్న విషయం కాదు. ఆ అంకెను చూసే ఎంత ఇన్సులిన్ తీసుకోవాలో నిర్ణయించుకునేవారు ఉన్నారు. అంకె ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తేనే దాన్ని ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు వేలిని గుచ్చి సరిచూసుకోవాలో తెలుస్తుంది.

మన దేశంలో ఈ విషయం ఎంతమందికి సంబంధించినదో ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే చెబుతోంది. 2023లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది మధుమేహానికి ముందు దశలో ఉన్నారు. ఇంతమందికి ఉపయోగపడే పరికరం కచ్చితంగా ఉండాలి, మన వాతావరణానికి తట్టుకోవాలి, ధర అందుబాటులో ఉండాలి. ప్రయోగశాలలో పుట్టిన ఆలోచనను అలాంటి పరికరంగా మార్చే విజ్ఞానాన్నే ధ్యేయంగా పెట్టుకున్న సంస్థ ఒకటి ఢిల్లీ పక్కనున్న ఫరీదాబాద్‌లో ఉంది. ఆ సంస్థ గురించి చెప్పుకునే ముందు సెన్సార్ సంగతి చూద్దాం.

వేలి చుక్క చెప్పనిది

వరదల కాలంలో బ్యారేజీ దగ్గర నీటిమట్టాన్ని గంటగంటకూ ఎందుకు నమోదు చేస్తారు? మట్టం ఎంత ఉందో తెలిస్తే సరిపోదు. అది పెరుగుతోందా, తగ్గుతోందా, ఎంత వేగంగా అన్నది తెలియాలి. రోజుకు రెండుసార్లే కొలిస్తే మధ్యలో వచ్చి వెళ్లిన వరద లెక్కలోకే రాదు.

గ్లూకోజ్ విషయమూ అంతే. పరగడుపున ఒకసారి, భోజనం చేసిన రెండు గంటలకు ఒకసారి చేసే పరీక్షలు రోజులో రెండు క్షణాల సంగతి మాత్రమే చెబుతాయి. మూడు నెలల సగటును సూచించే హెచ్‌బీఏ1సీ పరీక్ష సగటే చెబుతుంది, హెచ్చుతగ్గులను చూపదు. ఉదాహరణకు ఇద్దరి సగటు గ్లూకోజ్ డెసిలీటరుకు 154 మిల్లీగ్రాములు అనుకుందాం. ఇద్దరి హెచ్‌బీఏ1సీ దాదాపు 7 శాతం ఉంటుంది. కానీ ఒకరి గ్లూకోజ్ రోజంతా 110 నుంచి 200 మధ్యే తిరుగుతూ ఉండవచ్చు. మరొకరిది అర్ధరాత్రి 50కి పడిపోయి, మధ్యాహ్నం 300కు ఎగబాకుతూ ఉండవచ్చు. కాగితం మీద ఇద్దరూ ఒకటే. ప్రమాదం మాత్రం ఒకటి కాదు.

మన దేశంలో దీనికి మరో కారణం కూడా తోడవుతుంది. హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజ్‌ను కొలుస్తుంది. రక్తకణాల ఆయుష్షు మారితే ఫలితమూ మారుతుంది. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనతలో అది ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. రక్తకణాలు త్వరగా నశించే జబ్బుల్లో తక్కువగా కనిపించవచ్చు. 2019-21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటప్పుడు రక్తకణాలతో సంబంధం లేకుండా గ్లూకోజ్‌ను కొలిచే పద్ధతికి విలువ పెరుగుతుంది.

ఫరీదాబాద్ వంటి పారిశ్రామిక పట్టణాల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. ట్రాక్టర్లు, యంత్ర పరికరాలు, వాహన విడిభాగాలు తయారయ్యే ఈ ప్రాంతంలో షిఫ్టుల్లో పనిచేసేవారు ఎక్కువ. ఒక వారం పగలు, మరో వారం రాత్రి పని. రాత్రి షిఫ్టులో భోజనం వేళ మారుతుంది, నిద్ర వేళ మారుతుంది, శ్రమ చేసే వేళ కూడా మారుతుంది. పగటి దినచర్యను దృష్టిలో పెట్టుకుని సూచించిన ఇన్సులిన్ లేదా మాత్ర ఆ వారంలో శరీరం మీద ఎలా పనిచేస్తోందో పరగడుపు పరీక్ష ఒక్కటే చెప్పలేదు. అలాంటి చోట ఇరవై నాలుగు గంటల గీత ఒకటి చేతికి వస్తే వైద్యుడికి చాలా విషయాలు తెలుస్తాయి.

అరవై ఏళ్ల ప్రయాణం

ఈ సెన్సార్‌కు మూలం 1962 నాటి ఒక ఆలోచన. అమెరికాలో పనిచేస్తున్న లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ అనే పరిశోధకులు ఎలక్ట్రోడ్ మీద ఒక ఎంజైమ్ పొరను ఉంచి గ్లూకోజ్‌ను కొలవవచ్చని ప్రతిపాదించారు. క్లార్క్ అంతకుముందే రక్తంలోని ఆక్సిజన్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌ను రూపొందించిన వ్యక్తి. గ్లూకోజ్‌తో ఎంజైమ్ చర్య జరిపేటప్పుడు ఆక్సిజన్ ఖర్చవుతుంది. ఎంత ఆక్సిజన్ తగ్గిందో చూస్తే ఎంత గ్లూకోజ్ ఉందో తెలుస్తుంది. జీవరసాయన చర్యను విద్యుత్ సంకేతంగా మార్చే బయోసెన్సార్లన్నింటికీ ఇదే తొలి మెట్టు.

1967లో అప్‌డైక్, హిక్స్ అనే శాస్త్రవేత్తలు ఎంజైమ్‌ను జెల్‌లో బంధించి ఎలక్ట్రోడ్ మీద నిలిపారు. 1982లో జపాన్‌కు చెందిన షిచిరి బృందం సూది ఆకారంలో ఉన్న సెన్సార్‌ను చర్మం కింద ఉంచి పనిచేయించింది. 1993లో వెలువడిన డీసీసీటీ అనే పెద్ద అధ్యయనం ఈ పరిశోధనల అవసరాన్ని తేల్చి చెప్పింది. టైప్-1 మధుమేహం ఉన్న 1,441 మందిపై జరిగిన ఆ అధ్యయనంలో గ్లూకోజ్‌ను గట్టి అదుపులో ఉంచినవారికి కళ్లు, మూత్రపిండాలు, నరాల సమస్యలు బాగా తగ్గాయి. కానీ వారిలో గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోయే సంఘటనలు దాదాపు మూడు రెట్లు పెరిగాయి. అదుపు కావాలి, పడిపోవడం వద్దు. ఈ రెండూ కలిసి సాధ్యం కావాలంటే గ్లూకోజ్‌ను ఎప్పటికప్పుడు చూస్తూ ఉండాలి.

1999లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తొలి సీజీఎం పరికరానికి అనుమతి ఇచ్చింది. మూడు రోజులు పనిచేసే ఆ పరికరం అంకెలను రోగికి చూపేది కాదు. ఆ తర్వాత ఆసుపత్రిలో కంప్యూటర్‌కు కలిపి చూడాల్సి వచ్చేది. వేలి చుక్కతో రోజూ పలుమార్లు సరిచేయాల్సి వచ్చేది. 2014లో ఐరోపాలో విడుదలైన ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సార్ ఈ శ్రమను తగ్గించింది. ఫ్యాక్టరీలోనే సరిచేసి వచ్చే ఆ సెన్సార్ రెండు వారాలు పనిచేస్తుంది. దీని వెనుక టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆడమ్ హెల్లర్ పరిశోధన ఉంది. వైద్యుల పర్యవేక్షణలో వాడే దాని రూపం ఒకటి 2015లో మన దేశంలోకి వచ్చింది.

చర్మం కింద జరిగేది ఏమిటి?

బిళ్ల మధ్యలో నుంచి వెంట్రుక కంటే కాస్త మందమైన మెత్తని తీగ ఒకటి చర్మం కిందికి అయిదు మిల్లీమీటర్ల వరకు వెళ్తుంది. దాన్ని లోపలికి పంపే సూది వెంటనే బయటికి వచ్చేస్తుంది. లోపల తీగ మాత్రమే మిగులుతుంది.

ఆ తీగ కొస మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పూత ఉంటుంది. ఇది ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే బూజు నుంచి లభించే ఎంజైమ్. దీని గొప్పతనం దాని ఎంపికలో ఉంది. కణజాల ద్రవంలో ఎన్నో రకాల పదార్థాలు ఉన్నా ఇది దాదాపుగా గ్లూకోజ్‌ను మాత్రమే పట్టుకుంటుంది. గ్లూకోజ్ నుంచి రెండు ఎలక్ట్రాన్లను తీసుకుని దాన్ని గ్లూకోనోలాక్టోన్‌గా మారుస్తుంది. ఆ ఎలక్ట్రాన్లను ఎలక్ట్రోడ్ దాకా చేర్చడంలోనే పరికరాల మధ్య తేడా వస్తుంది.

మొదటి పద్ధతిలో ఎంజైమ్ ఆ ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు ఇస్తుంది. దాంతో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఎలక్ట్రోడ్ మీద సుమారు 0.6 వోల్టుల దగ్గర పెరాక్సైడ్ విడిపోయి ఎలక్ట్రాన్లు వెలువడతాయి. ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తే అంత కరెంటు, అంత గ్లూకోజ్. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. కణజాలంలో గ్లూకోజ్‌తో పోలిస్తే ఆక్సిజన్ చాలా తక్కువ. ఆక్సిజన్ చాలకపోతే గ్లూకోజ్ పెరిగినా కరెంటు పెరగదు. అందుకే తీగ పైన ఒక పాలిమర్ పొర వేస్తారు. అది ఆక్సిజన్‌ను సులువుగా పోనిచ్చి, గ్లూకోజ్‌ను కొద్దికొద్దిగానే వదులుతుంది.

రెండో పద్ధతిలో ఆక్సిజన్ అవసరం లేదు. ఆస్మియం లోహ సమ్మేళనాలు ఉన్న పాలిమర్ ఒకటి ఎంజైమ్‌ను ఎలక్ట్రోడ్‌తో కలుపుతుంది. ఎలక్ట్రాన్లు ఆ పాలిమర్ గుండా ఒక చోటి నుంచి మరో చోటికి దూకుతూ ఎలక్ట్రోడ్‌ను చేరతాయి. దీనికి చాలా తక్కువ వోల్టేజీ చాలు. హెల్లర్ రూపొందించిన పద్ధతి ఇదే.

వోల్టేజీ తేడా వాడేవారికి ఎందుకు ముఖ్యమో ఒక మాత్ర తేల్చి చెబుతుంది. జ్వరం వస్తే వేసుకునే పారాసెటమాల్ కూడా ఎక్కువ వోల్టేజీ దగ్గర ఎలక్ట్రాన్లను విడుదల చేస్తుంది. పెరాక్సైడ్ పద్ధతిలో పనిచేసే పాత సెన్సార్లు ఆ ఎలక్ట్రాన్లను కూడా గ్లూకోజ్ ఖాతాలో వేసి అంకెను పెంచి చూపేవి. కొత్త తరం సెన్సార్లలో దీన్ని అడ్డుకునే పొరలు చేర్చారు. అయినా మోతాదు పరిమితులు ఉన్నాయి. తక్కువ వోల్టేజీ సెన్సార్లకు పారాసెటమాల్‌తో ఇబ్బంది లేదు. వాటిని ఎక్కువ మోతాదులో తీసుకున్న విటమిన్-సి మాత్రలు తప్పుదారి పట్టించగలవు. ఏ పరికరానికి ఏ మందుతో ఇబ్బంది ఉందో దానితో వచ్చే కాగితంలో రాసి ఉంటుంది. పెట్టె తెరిచిన వెంటనే పారేసే ఆ కాగితాన్ని ఒకసారి చదవడం మంచిది.

పది నిమిషాల ఆలస్యం

రక్తంలోని గ్లూకోజ్ సన్నని రక్తకేశనాళికల గోడలు దాటి కణజాల ద్రవంలోకి చేరాలి. అక్కడి నుంచి సెన్సార్ పొరను దాటాలి. పరికరం లోపల అంకెలను సాపు చేసే గణితం కూడా కొంత సమయం తీసుకుంటుంది. ఇవన్నీ కలిసి సాధారణంగా 5 నుంచి 15 నిమిషాల ఆలస్యం వస్తుంది.

గ్లూకోజ్ నిలకడగా ఉన్నప్పుడు ఈ ఆలస్యం వల్ల నష్టం లేదు. పావుగంట క్రితం 120, ఇప్పుడూ 120 అయితే తేడా ఏముంది? వేగంగా మారుతున్నప్పుడే సమస్య. ఉదాహరణకు వడివడిగా నడిచిన తర్వాత గ్లూకోజ్ నిమిషానికి 2 మిల్లీగ్రాముల చొప్పున పడిపోతోంది అనుకుందాం. ఆలస్యం 10 నిమిషాలు అయితే తేడా 20. తెర మీద 85 కనిపిస్తున్నప్పుడు రక్తంలో అప్పటికే 65 ఉండవచ్చు. 70 కంటే తగ్గితే అది లో షుగర్. అంకె ధైర్యం చెబుతుంటే ఒళ్లు చెమటలు పడుతుంది, చేతులు వణుకుతాయి.

ఇలాంటప్పుడు వైద్యులు చెప్పే సూత్రం ఒకటే. ఒంట్లో లక్షణాలు ఒకటి చెబుతూ, తెర మీద అంకె మరొకటి చెబుతుంటే వేలిని గుచ్చి గ్లూకోమీటర్‌తో చూడాలి. గ్లూకోమీటర్ అందుబాటులో లేకపోతే లక్షణాలనే నమ్మి చక్కెర తీసుకోవాలి.

బాణం గుర్తు విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. 85 పక్కన అడ్డంగా ఉన్న బాణం ఉంటే నిశ్చింత. కిందికి నిటారుగా ఉన్న బాణం ఉంటే అది హెచ్చరిక. రెండు సందర్భాల్లోనూ అంకె ఒకటే, చేయాల్సిన పని మాత్రం వేరు. వేలి చుక్క ఎప్పటికీ ఇవ్వలేని సమాచారం ఈ బాణమే.

తప్పు ఎక్కడ వస్తుంది?

సెన్సార్ కచ్చితత్వాన్ని సాధారణంగా ప్రయోగశాల కొలతతో పోల్చి, సగటు తేడాను శాతంలో చెబుతారు. ఇప్పటి మంచి సెన్సార్లలో ఇది 10 శాతం కంటే తక్కువ. 9 శాతం అంటే రక్తంలో 200 ఉన్నప్పుడు సెన్సార్ సగటున 18 అటూ ఇటూ చూపుతుంది. ఇది సగటు మాత్రమే, గరిష్ఠ పరిమితి కాదు. కొన్నిసార్లు తేడా అంతకంటే ఎక్కువగానే ఉంటుంది. కాబట్టి ఫోన్‌లో 142 ఉండి, గ్లూకోమీటర్‌లో 151 ఉంటే ఏదో ఒకటి పాడైందని అనుకోనక్కరలేదు.

మొదటి రోజు కచ్చితత్వం తక్కువగా ఉండవచ్చు. తీగ గుచ్చుకున్న చోట చిన్న గాయం అవుతుంది, కణజాలం సర్దుకోవడానికి సమయం పడుతుంది. తర్వాత శరీరం ఆ తీగను పరాయి వస్తువుగా గుర్తిస్తుంది. దాని చుట్టూ ప్రొటీన్లు పేరుకుంటాయి, రక్షణ కణాలు చేరతాయి. గ్లూకోజ్ తీగను చేరే దారి క్రమంగా ఇరుకవుతుంది. సెన్సార్‌ను రెండు వారాలకు మించి ఉంచకపోవడానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి.

రాత్రిపూట వచ్చే ఒక తప్పుడు హెచ్చరిక చాలామందిని కలవరపెడుతుంది. సెన్సార్ ఉన్న భుజం వైపు తిరిగి పడుకుంటే ఆ చోట ఒత్తిడి వల్ల రక్తప్రసరణ తగ్గుతుంది. తాజా గ్లూకోజ్ అక్కడికి అందదు. శరీరం మొత్తంలో గ్లూకోజ్ మామూలుగానే ఉన్నా సెన్సార్ మాత్రం 60 అని మోగుతుంది. పక్కకు తిరిగితే కాసేపట్లో అంకె మామూలు స్థాయికి వస్తుంది. ఇలా తరచుగా జరుగుతుంటే సెన్సార్ పెట్టే చోటు మార్చాలి.

ఉత్తర భారత వేసవి మరో పరీక్ష. ఫరీదాబాద్‌లో మే, జూన్ నెలల్లో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్లడం కొత్త కాదు. రామగుండం, రెంటచింతల ఎండలు తెలిసిన తెలుగువారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. చెమటకు జిగురు ఊడిపోతుంది. జిగురు వదులైతే తీగ కదిలి అంకెలు తారుమారవుతాయి. ఎంజైమ్ చర్య వేగం ఉష్ణోగ్రతతో మారుతుంది కాబట్టి చాలా పరికరాల్లో ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకునే ఏర్పాటు ఉంటుంది. దానికీ హద్దు ఉంది. బాగా వాడుకలో ఉన్న ఒక సెన్సార్‌ను 10 నుంచి 45 డిగ్రీల మధ్యే వాడాలని దాని తయారీదారు సూచిస్తున్నారు. కొత్త సెన్సార్ పెట్టెను ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే అది పెట్టుకోకముందే పాడుకావచ్చు.

నమూనా నుంచి మనిషి దాకా: ఫరీదాబాద్ పాత్ర

ఇన్ని చిక్కులున్న పరికరం ప్రయోగశాలలో ఒకసారి పనిచేసినంత మాత్రాన సరిపోదు. గాజు బీకరులోని గ్లూకోజ్ ద్రావణంలో చక్కగా పనిచేసిన సెన్సార్ మనిషి చర్మం కింద రెండు రోజుల్లో మూగబోవచ్చు. ఈ రెండింటి మధ్య దూరాన్ని దాటించే పరిశోధనను అనువాద పరిశోధన అంటారు. ఒక భాషలోని విషయాన్ని మరో భాషలోకి తెచ్చినట్టే, ప్రయోగశాల జ్ఞానాన్ని రోగి పడక దాకా తేవడం దీని లక్ష్యం.

ఫరీదాబాద్‌లోని ట్రాన్స్‌లేషనల్ హెల్త్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ పేరులోనే ఈ మాట ఉంది. క్లుప్తంగా దీన్ని టీహెచ్‌ఎస్‌టీఐ అంటారు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం దీన్ని 2009లో స్థాపించింది. ఫరీదాబాద్-గురుగ్రామ్ రహదారి మీద ఉన్న ఎన్‌సీఆర్ బయోటెక్ సైన్స్ క్లస్టర్‌లో ఇది రీజనల్ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీతో కలిసి ఒకే ప్రాంగణంలో ఉంది. 2024 జనవరి 17 నుంచి 20 వరకు భారత అంతర్జాతీయ విజ్ఞాన ఉత్సవం జరిగింది ఈ ప్రాంగణంలోనే.

ఈ సంస్థకు అనుబంధంగా క్లినికల్ డెవలప్‌మెంట్ సర్వీసెస్ ఏజెన్సీ అనే విభాగం ఉంది. మనుషులపై జరిగే పరీక్షల ప్రణాళిక, నిర్వహణ, నియంత్రణ నిబంధనలపై శిక్షణ దీని పని. ఇలాంటి పనిని బయటివారు పెద్దగా గమనించరు. కానీ ఒక సెన్సార్‌ను వందలాది మంది చేతికి పెట్టి, ప్రయోగశాల కొలతతో పోల్చి, తేడాలను నిజాయితీగా లెక్కించకుండా ఏ పరికరమూ నమ్మదగినది కాదు. మన దేశంలో వైద్య పరికరాల నియమావళి 2017లో వెలువడి, 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పరికరాలను వాటి వల్ల కలిగే ముప్పును బట్టి నాలుగు తరగతులుగా విభజించి, ముప్పు పెరిగే కొద్దీ ఆధారాలను ఎక్కువగా అడగడం దాని పద్ధతి.

టీహెచ్‌ఎస్‌టీఐలో సాగుతున్న మరో తరహా పరిశోధన రాబోయే సెన్సార్లకు దారి చూపుతుంది. అది ఆప్టమర్ల మీద పని. ఆప్టమర్ అంటే ఒక నిర్దిష్ట అణువును మాత్రమే పట్టుకునేలా ఎంపిక చేసిన చిన్న డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ పోగు. ఇక్కడి శాస్త్రవేత్తలు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులతో కలిసి మెదడు పొరలకు సోకే క్షయను గుర్తించడానికి ఆప్టమర్ ఆధారిత విద్యుత్-రసాయన సెన్సార్‌ను రూపొందించారు. అది ఒంటికి అంటించుకునేది కాదు, గ్లూకోజ్‌ను కొలిచేదీ కాదు. అయినా సూత్రంలో దగ్గరి చుట్టరికం ఉంది. ఒక అణువును పట్టుకోవడం, ఆ పట్టును కరెంటుగా మార్చడం.

ఈ చుట్టరికం ఎందుకు ముఖ్యం? గ్లూకోజ్‌కు అదృష్టవశాత్తు గ్లూకోజ్ ఆక్సిడేజ్ వంటి గట్టి ఎంజైమ్ దొరికింది. ఇన్సులిన్‌కు, కార్టిసాల్‌కు, చాలా మందులకు అలాంటి ఎంజైమ్ లేదు. అందుకే ఒంటి మీద నిరంతరం కొలవగలిగే పదార్థాల్లో గ్లూకోజ్ ఒక్కటే అంత ముందుకు వెళ్లింది. మిగతావాటికి ఆప్టమర్లు దారి చూపవచ్చని ప్రపంచవ్యాప్తంగా పరిశోధకులు ఆశిస్తున్నారు.

సూది లేని కొలత సాధ్యమేనా?

చెమట, కన్నీరు, లాలాజలంలో కూడా గ్లూకోజ్ ఉంటుంది. వాటిని కొలిస్తే గుచ్చుకునే పనే ఉండదు కదా? ఈ ఆశతో ఎన్నో ప్రయత్నాలు జరిగాయి. చర్మం గుండా స్వల్ప విద్యుత్తును పంపి ద్రవాన్ని బయటికి లాగే గ్లూకోవాచ్ అనే గడియారానికి 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. చర్మం మంట, తప్పుడు హెచ్చరికల వల్ల అది నిలవలేదు. కన్నీటిలో గ్లూకోజ్‌ను కొలిచే కాంటాక్ట్ లెన్స్‌ను గూగుల్ 2014లో ప్రకటించింది. కన్నీటిలోని గ్లూకోజ్‌కు, రక్తంలోని గ్లూకోజ్‌కు స్థిరమైన సంబంధం దొరకక 2018లో ఆ పని ఆపేశారు.

చెమటలోనూ ఇదే ఇబ్బంది. అందులో గ్లూకోజ్ చాలా తక్కువ. చెమట ఎంత వేగంగా పడుతోంది, చర్మం మీద ఏమి అంటుకుని ఉంది అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. చర్మంపై కాంతిని ప్రసరింపజేసి గ్లూకోజ్‌ను కనిపెట్టే పరిశోధనలూ సాగుతున్నాయి. నీరు, కొవ్వు, ప్రొటీన్ల సంకేతాల మధ్య గ్లూకోజ్ సంకేతాన్ని విడదీయడం అందులో కష్టం.

ఇదిలా ఉండగా గుచ్చకుండానే షుగర్ చెబుతామంటూ గడియారాలు, ఉంగరాలు ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్ముడవుతున్నాయి. 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ వీటి గురించి ప్రజలను హెచ్చరించింది. చర్మాన్ని గుచ్చకుండా తనంతట తానే గ్లూకోజ్‌ను కొలిచే గడియారానికి గానీ, ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని స్పష్టం చేసింది. సెన్సార్ పంపిన అంకెను గడియారం తెర మీద చూపడం వేరు, గడియారమే కొలవడం వేరు. అమ్మకం ప్రకటనలు ఈ రెండింటినీ కలిపేస్తుంటాయి. అలాంటి అంకెను నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికి రావచ్చు.

చర్మం పై పొరలోకే వెళ్లే సూక్ష్మ సూదుల పట్టీల మీద కూడా పరిశోధనలు జరుగుతున్నాయి. ఆ సూదులు నరాల కొసలను తాకేంత లోతుకు వెళ్లవు కాబట్టి నొప్పి దాదాపు ఉండదు. మరోవైపు వైద్యుడు చర్మం కింద అమర్చే సెన్సార్ ఒకటి ఎంజైమ్ లేకుండా, గ్లూకోజ్ తగిలితే వెలుగు మార్చే రసాయనంతో పనిచేస్తుంది. 90 రోజుల కాలానికి 2018లో, ఏడాది పాటు పనిచేసే రూపానికి 2024లో దానికి అమెరికాలో అనుమతి లభించింది.

గీతను చదవడం

సెన్సార్ అయిదు నిమిషాలకు ఒకసారి కొలిస్తే రోజుకు 288 అంకెలు. వాటన్నింటినీ ఒక్కొక్కటిగా చూసి ఆందోళన పడటం వల్ల ఉపయోగం లేదు. 2019లో అంతర్జాతీయ నిపుణులు కొన్ని సులువైన కొలమానాలను సూచించారు. మధుమేహం ఉన్న చాలామంది పెద్దలకు గ్లూకోజ్ 70 నుంచి 180 మధ్య ఉండే సమయం రోజులో 70 శాతానికి మించాలి. అంటే దాదాపు 17 గంటలు. 70 కంటే కింద ఉండే సమయం 4 శాతం లోపు, అంటే గంట లోపు ఉండాలి. 54 కంటే కింద ఉండేది ఒక శాతం లోపు, అంటే పావుగంట లోపే ఉండాలి. వృద్ధులకు, లో షుగర్ ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 50 శాతం చాలు, 70 కంటే కిందికి మాత్రం ఒక శాతానికి మించి పోకూడదు. టైప్-1 మధుమేహం ఉన్న గర్భిణులకు హద్దులు మరింత బిగువు. 63 నుంచి 140 మధ్య ఉండాలి.

ఈ గీత భోజనం గురించి కూడా చాలా చెబుతుంది. భారతీయులు తీసుకునే శక్తిలో సుమారు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోందని ఐసీఎంఆర్-ఇండియాబ్ ఆహార అధ్యయనం తేల్చింది. అన్నం ముందు తిని కూర తర్వాత తినడానికి, పప్పు, కూర ముందు తిని అన్నం తగ్గించడానికి తన ఒంట్లో ఎంత తేడా వస్తుందో మధుమేహం ఉన్నవారు ఆ గీతలో చూడగలరు. భోజనం తర్వాత పావుగంట నడిస్తే శిఖరం ఎంత తగ్గుతుందో కూడా కనిపిస్తుంది. ఎవరో చెప్పిన సలహా కంటే సొంత ఒంటి సాక్ష్యం మనిషిని త్వరగా మారుస్తుంది.

ఎవరికి అవసరం?

రోజూ పలుమార్లు ఇన్సులిన్ తీసుకునేవారికి, ముఖ్యంగా టైప్-1 మధుమేహం ఉన్న పిల్లలకు, లో షుగర్ వచ్చినా లక్షణాలు తెలియనివారికి ఈ సెన్సార్ వల్ల కలిగే మేలు ఎక్కువ. నిద్రలో ఉన్న బిడ్డకు గ్లూకోజ్ పడిపోతుంటే తల్లి ఫోన్ మోగడం చిన్న విషయం కాదు.

మాత్రలతో, ఆహార నియమంతో అదుపులో ఉన్న చాలామందికి ఏడాది పొడవునా సెన్సార్ అవసరం లేదు. మందు మార్చినప్పుడు, గ్లూకోజ్ అదుపు తప్పినప్పుడు రెండు వారాలు పెట్టుకుని ఆ గీతను వైద్యుడితో కలిసి చూస్తే సరిపోవచ్చు. రెండు వారాల సెన్సార్‌కు కొన్ని వేల రూపాయలు ఖర్చయ్యే మన దేశంలో ఈ విచక్షణ అవసరం. మధుమేహం లేనివారిలో కూడా భోజనం తర్వాత గ్లూకోజ్ కాసేపు పెరిగి తగ్గుతుంది. అది శరీరం చేసే మామూలు పనే. ఆ ఎత్తుపల్లాలను చూసి జబ్బుగా భావించి ఆహారం మానేయడం మేలు చేయదు. మధుమేహం ఉందో లేదో తేల్చేది ఇప్పటికీ రక్తపరీక్షే, సెన్సార్ కాదు.

ధర తగ్గాలంటే సెన్సార్ల తయారీ, వాటి పరీక్ష మన దేశంలోనే జరగాలి. మన ఎండలో, మన చెమటలో, మన భోజనం తిన్న ఒంట్లో, రక్తహీనత ఉన్న మహిళల్లో, రాత్రి షిఫ్టు చేసే కార్మికుల్లో పరికరం ఎంత నమ్మకంగా పనిచేస్తుందో కొలిచి చూడాలి. అప్పటి వరకు వాడేవారు గుర్తుంచుకోవాల్సినవి మూడు. ఆ అంకె రక్తానిది కాదు, కొన్ని నిమిషాల వెనకటి కణజాల ద్రవానిది. అంకెతో పాటు బాణాన్ని చూడాలి. ఒళ్లు చెప్పేదానికి, తెర చూపేదానికి పొంతన కుదరనప్పుడు వేలి చుక్కతో సరిచూసుకోవాలి.